నల్లపావులతో ఇ4 కి ఏం ఆడాలి? నా ఓటు కారో-కాన్‌కే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. ఇల్లు మియాపూర్, ఆఫీసు గచ్చిబౌలి, చెస్‌కి రోజుకు అరగంట దొరికితే గొప్ప. ఆన్‌లైన్ రేటింగ్ ఏడాదిగా 1350 దగ్గరే ఉంది. తెల్లపావులతో బాగానే ఆడుతున్నారు, నల్లపావులు వస్తే మాత్రం టెన్షన్. ఇ4 కి సి5 తో మొదలయ్యే సిసిలియన్ నైడార్ఫ్ వీడియోలు చూసి బోలెడన్ని లైన్లు బట్టీ పట్టారు, కానీ ఎదుటివాళ్లు మూడో ఎత్తులోనే వీడియోలో లేనిది ఆడేస్తున్నారు. గట్టిగా ఉండి, ఎవరేం ఆడినా సర్దుకుపోయే డిఫెన్స్ ఒకటి కావాలి. వీలైతే అదే డి4 కి కూడా, అంటే తెల్లవాడు మంత్రి ముందు బంటుతో మొదలుపెట్టినా, పనికిరావాలి. ఎనిమిదేళ్ల అబ్బాయికి కూడా అదే నేర్పవచ్చా అని చివర్లో అడిగారు.

కారో-కాన్ ఆడండి. తెల్లవాడు రాజు ముందు బంటును ఇ4 కి తోస్తే మన జవాబు సి6, రెండో ఎత్తు డి5. డి4 కి స్లావ్ ఆడండి, అంటే ముందు డి5, తర్వాత సి6. రెండింటిలోనూ బంట్లు దాదాపు అవే గడుల్లో ఉంటాయి కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చేసినట్టే. అబ్బాయికి మాత్రం ఇప్పుడే వద్దు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నేను గ్రాండ్‌మాస్టర్‌ని కాను. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1900 కి అటూ ఇటూ ఊగుతుంటుంది. మల్కాజిగిరిలో మా మేడ మీద పదిహేనేళ్లుగా సాయంత్రాలు పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. నాకు ఈ పిచ్చి పట్టింది 2002 అక్టోబర్‌లో. ఫిడే ప్రపంచ కప్ మన హైదరాబాద్‌లోనే జరిగింది, ఆనంద్ గెలిచారు, పేపర్లో రోజూ ఆటలు వచ్చేవి. అప్పట్లో నేనూ మీలాగే సిసిలియన్ వీరుణ్ణి. ఒక ఆదివారం టోర్నమెంట్‌లో నల్లపావులతో ఆడిన మూడు ఆటలూ పాతిక ఎత్తుల్లోపే పోయాయి. మూడింటిలోనూ నా రాజు ఇ8 గడి దాటలేదు. ఇంటికి వచ్చే బస్సులో స్కోర్‌షీట్లు చూసుకుంటూ, నా స్థాయికి ఈ డిఫెన్స్ ఎక్కువైందని ఒప్పుకున్నాను.

రాతలో ఒక చిన్న ఏర్పాటు. బంటు, గుర్రం, ఏనుగు, మంత్రి, రాజు అనే మాటలు అందరికీ తెలిసినవే. బిషప్‌ని కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. ఆ గొడవ మనకెందుకు, బిషప్ అనే రాస్తాను. గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస. అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లవాడి ఎత్తు. డి-ఇ4 అంటే డి వరుసలోని బంటు ఇ4 లో ఉన్నదాన్ని కొట్టడం, గుర్రం జి-ఇ2 అంటే జి వరుసలోని గుర్రం ఇ2 కి రావడం.

ఇక ఎందుకు కారో-కాన్ అంటే, ప్రధాన కారణం సి8 లో ఉన్న బిషప్. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో మొదటి ఎత్తు ఇ6. దాంతో ఆ బిషప్ దారిని మన బంటే మూసేస్తుంది. ఇరవయ్యో ఎత్తు వచ్చినా అది ఇంట్లోనే కూర్చుంటుంది. కారో-కాన్‌లో డి5 ని సి6 బంటుతో కాపాడుకుంటాం. బిషప్ ముందు ఎఫ్5 కో జి4 కో బయటికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఇ6 ఆడతాం. తలుపు వేసేముందు అందరూ బయటికి వచ్చారా అని చూసుకున్నట్టు. సి6 బదులు ఇ5 ఆడితే ఇటాలియన్, స్కాచ్, వియన్నా, కింగ్స్ గాంబిట్ లాంటి తెల్లవాడి ఆరంభాలు అన్నింటికీ జవాబులు సిద్ధంగా ఉండాలి, ఎఫ్7 మీద దాడులు ఓర్చుకోవాలి. మీ అరగంటకు అది కుదరదు.

దీనికీ ఒక ధర ఉంది. సి6 గడి మామూలుగా గుర్రానిది, అక్కడ బంటు కూర్చుంది. పైగా చాలా లైన్లలో ఆ బంటే తర్వాత సి5 కి వెళ్లాలి, అంటే ఒక్క అడుగులో అయ్యే పనికి రెండు ఎత్తులు. నేను పిల్లలకు ఇలా చెప్తాను: సి6 ఆడటం అప్పు చేయడం, సి5 ఆడి ఆ అప్పు తీర్చాలి. కారో-కాన్ చప్పగా ఉంటుంది, ఊపిరాడదు అని ఫిర్యాదు చేసేవాళ్ల ఆటలు తీసి చూడండి. పదింటిలో ఎనిమిదింటిలో సి5 ఆడే ఉండరు. పావులన్నీ రెండు వరుసల్లో సర్దుకుని, ఎదుటివాడు ఏం చేస్తాడా అని చూస్తూ కూర్చుంటారు. గట్టి డిఫెన్స్ అంటే అలా కూర్చోవడం కాదండీ. సి5 ఆడటానికి వీల్లేని లైన్లలో దాని బదులు చేయాల్సిన పని ఇంకొకటి ఉంటుంది, అదీ చెప్తాను.

పేరు సంగతి. హొరేషియో కారో, మార్కస్ కాన్ అనే ఇద్దరు 1886లో దీని మీద విశ్లేషణ ప్రచురించారు, అందుకే జంట పేరు. అంతకు ముందు ఏడాది హాంబర్గ్‌లో కాన్ నల్లపావులతో దీన్నే ఆడి మీసెస్ అనే ఆటగాణ్ని 24 ఎత్తుల్లో ఓడించాడు. తర్వాత కపాబ్లాంకా, బోట్విన్నిక్, పెట్రోసియన్, కార్పోవ్ లాంటి ప్రపంచ చాంపియన్లు దీన్ని నమ్ముకున్నారు. వీళ్లంతా ఊరికే ఓడిపోని రకం.

ఇప్పుడు 1. ఇ4 సి6 2. డి4 డి5 తర్వాత తెల్లవాడు ఏమేం చేయగలడో చూద్దాం.

బంటు ముందుకు తోస్తే: 3. ఇ5. మీ స్థాయిలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, అందుకే దీనికే ఎక్కువ సమయం పెట్టండి. జవాబు 3... బిషప్ ఎఫ్5. తెల్లవాడు మామూలుగా 4. గుర్రం ఎఫ్3 ఇ6 5. బిషప్ ఇ2 ఆడితే, ఆలస్యం చేయకుండా 5... సి5 ఆడేయండి. తర్వాత ఒక గుర్రం సి6 కి, రెండోది ఇ7 కి. రెండో గుర్రం ఇ7 కి వెళ్లడం చూడటానికి వింతగా ఉంటుంది, ఎఫ్8 బిషప్‌కి అడ్డం కూడా. కానీ ఎఫ్6 గడిని ఇ5 బంటు కాస్తోంది కాబట్టి గుర్రానికి వేరే మంచి దారి లేదు, పైగా అక్కడి నుంచి అది ఎఫ్5 కి, జి6 కి వెళ్లగలదు.

అసలు ప్రమాదం 4. హెచ్4. దీన్ని ప్రపంచ చాంపియన్ తాల్ పేరుతో పిలుస్తారు. చూస్తే ఏదో తోచక ఆడినట్టుంటుంది. నేనూ అలాగే అనుకుని దెబ్బ తిన్నాను. ఎదురుగా ఉన్న పిల్లాడి కాళ్లు నేలకి అందట్లేదు, కుర్చీలో ఊపుతున్నాడు. వాడు హెచ్4 ఆడగానే నేను అలవాటు కొద్దీ 4... ఇ6 ఆడాను. 5. జి4 వచ్చింది. బిషప్‌ని ఇ4 కి పంపాను. 6. ఎఫ్3, బిషప్ జి6 కి. 7. హెచ్5. ఇక అది వెళ్లడానికి గడి లేదు. ఏడు ఎత్తుల్లో ఒక బంటు కోసం బిషప్ పోయింది. ఆ పిల్లాడు లేచి వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి బాదం పాలు తాగొచ్చాడు. నేను మాత్రం మర్యాద కోసం ఇంకో ఇరవై ఎత్తులు ఆడాను. కాబట్టి 4. హెచ్4 కి 4... హెచ్5 ఆడండి. జి4 తోసే పని కష్టమవుతుంది. జి5 గడి కొంచెం బలహీనపడుతుంది, పర్వాలేదు.

ఇంకొక పదునైన దారి 4. గుర్రం సి3 ఇ6 5. జి4. బిషప్ జి6 కి వస్తుంది, తెల్లవాడు 6. గుర్రం జి-ఇ2 ఆడి హెచ్4 కి, ఎఫ్4 కి రెండింటికీ సిద్ధమవుతాడు. ఇక్కడ భయపడి రాజు వైపు బంట్లు కదిలిస్తే అయిపోయారు. 6... సి5. అంచున తోసేవాడిని మధ్యలో కొట్టాలి. అప్పు తీర్చడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే 3... సి5 వెంటనే ఆడే దారి కూడా ఉంది. 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో బోట్విన్నిక్ తాల్ మీద దీన్ని ప్రయోగించాడు. ముందు ఏడాది పోగొట్టుకున్న కిరీటాన్ని ఆ మ్యాచ్‌లోనే తిరిగి తెచ్చుకున్నాడు. తెల్లవాడు సి5 బంటును కొడితే ఇ6 ఆడి, నిదానంగా దాన్ని వెనక్కి తీసుకునే ప్రయత్నం చేస్తాం. మా దగ్గర పెద్ద పిల్లల్లో సగం మంది ఇదే ఆడుతున్నారు. నాకు మాత్రం బిషప్ బయటికి వచ్చే లైనే ఇష్టం, అలవాటు అనుకోండి.

గుర్రంతో కాపాడితే: 3. గుర్రం సి3. 3... డి-ఇ4 కొట్టండి, 4. గుర్రం ఇ4. ఇక్కడ మూడు దారులు. 4... బిషప్ ఎఫ్5 పాత రాజమార్గం, కానీ గుర్రం జి3, హెచ్4, హెచ్5 అంటూ తెల్లవాడు మన బిషప్‌ని తరుముతాడు, అందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఎక్కువ. 4... గుర్రం డి7 కార్పోవ్‌కి ఇష్టమైనది. ఇందులో ఒక గుంట ఉంది: 5. మంత్రి ఇ2 వచ్చినప్పుడు చూసుకోకుండా 5... గుర్రం జి-ఎఫ్6 అంటే 6. గుర్రం డి6, మేట్. ఇ7 బంటు ఆ గుర్రాన్ని కొట్టలేదు, ఎందుకంటే ఎదురుగా మంత్రి ఉంది, వెనకాల రాజు ఉన్నాడు. మా అమ్మాయిల్లో ఒకరు రాష్ట్ర స్థాయి టోర్నమెంట్‌లో దీనికి దొరికిపోయి రెండు రోజులు బోర్డు ముట్టుకోలేదు. అసలు ఈ 4... గుర్రం డి7 లైన్‌లోనే 1997 మే నెలలో కాస్పరోవ్ డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో చివరి ఆట పోగొట్టుకున్నాడు. ఏడో ఎత్తులో హెచ్6 ఆడితే కంప్యూటర్ గుర్రాన్ని ఇ6 లో బలి ఇచ్చింది, ఆట 19 ఎత్తుల్లో ముగిసింది. అంతటివాడికే అలా జరిగింది, మనమెంత.

మీకు నా సలహా మూడోది: 4... గుర్రం ఎఫ్6. తెల్లవాడు 5. గుర్రం ఎఫ్6 కొట్టి చెక్ ఇస్తే ఇ7 బంటుతో కొట్టండి. ఇది టార్టకోవర్ పద్ధతి. ఎఫ్ నిలువు వరుసలో రెండు బంట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, చూడటానికి అందంగా ఉండదు. కానీ రాజు చుట్టూ బంట్ల గోడ గట్టిపడుతుంది, ఇ నిలువు వరుస తెరుచుకుంటుంది, బిషప్ డి6 కి, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం), ఏనుగు ఇ8 కి, అన్నీ చకచకా అయిపోతాయి. తెల్లవాడు సి3, బిషప్ డి3, మంత్రి సి2 పెట్టి హెచ్7 మీద కన్నేస్తే, ఏనుగుతో ఇ8 నుంచి చెక్ ఇచ్చి, గుర్రం ఇ2 కి వచ్చాక హెచ్5 తోయండి. నేను మొదటిసారి చూసినప్పుడు క్యాస్లింగ్ చేసిన రాజు ముందు బంటును ఎవరైనా తోస్తారా అనుకున్నాను. ఆ బంటు ఇంకా హెచ్4 కి వెళ్లి తెల్లవాణ్ని ఇబ్బంది పెడుతుంది. ఈ లైన్లో సి5 కంటే రాజు వైపు ఈ ఆటే ముఖ్యం.

ఒక్క హెచ్చరిక: టార్టకోవర్‌లో పావులన్నీ మార్చుకోవద్దు. ఒక్క బంట్లే మిగిలాయంటే తెల్లవాడికి మంత్రి వైపు నాలుగు, మనకు మూడు. ఆ అదనపు బంటు దారి చేసుకుని ముందుకు వెళ్తుంది. మనకు రాజు వైపు నాలుగున్నా రెండు ఒకే నిలువు వరుసలో ఇరుక్కుని ఉంటాయి, ముందుకు దారి కష్టం. డ్రా అయిపోతుందిలే అని నేను ఒకసారి మంత్రుల్ని, ఏనుగుల్ని వరసగా మార్చుకుని, తర్వాత లెక్క పెట్టుకున్నాను. లెక్క ముందు పెట్టుకోవాలి.

మార్చుకుంటే: 3. ఇ-డి5 సి-డి5. తర్వాత 4. బిషప్ డి3 గుర్రం సి6 5. సి3 వస్తే 5... మంత్రి సి7 చాలా సుఖమైన ఎత్తు, తెల్ల బిషప్‌కి ఎఫ్4 గడి దొరకనివ్వదు. ఆ తర్వాత గుర్రం ఎఫ్6, బిషప్ జి4, ఇ6, బిషప్ డి6. పని మంత్రి వైపు ఉంటుంది: ఏనుగు బి8 కి, బంటు బి5, బి4. వాడి సి3 బంటును గిల్లి బలహీనం చేయాలి. ఇది డ్రా లైన్ అని కొట్టిపారేయకండి. 1970లో బెల్‌గ్రేడ్‌లో ఫిషర్ దీంతోనే పెట్రోసియన్‌ని ఓడించాడు.

మార్చుకున్నాక 4. సి4 ఆడితే అది పానోవ్ దాడి. గుర్రం ఎఫ్6, ఇ6, బిషప్ ఇ7, క్యాస్లింగ్. తెల్లవాడు ఎఫ్1 బిషప్‌ని ఒకసారి కదిపేదాకా ఆగి అప్పుడు సి4 ని కొట్టండి, వాడికి ఒక ఎత్తు వృథా. డి4 లో ఒంటరి బంటు మిగులుతుంది. డి5 లో గుర్రాన్ని కూర్చోబెట్టి, చిన్న పావుల్ని మార్చుకుంటూ పోవడమే. టార్టకోవర్‌లో చెప్పినదానికి ఇది పూర్తిగా రివర్స్, కలిపేసుకోకండి.

3. ఎఫ్3 అనే ఫాంటసీ కూడా ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో బాగా తగులుతోంది. 3... డి-ఇ4 4. ఎఫ్-ఇ4 ఇ5. ఆశపడి 5. డి-ఇ5 కొడితే మంత్రి హెచ్4 నుంచి చెక్, వాడు జి3 అంటే మంత్రి ఇ4 ని కొట్టి రాజుని, హెచ్1 ఏనుగుని ఒకేసారి పట్టుకుంటుంది. తెలివైనవాడు 5. గుర్రం ఎఫ్3 ఆడతాడు. అప్పుడు డి4 బంటుకు మీరు ఆశపడకండి, సి4 కి బిషప్ వచ్చి ఎఫ్7 మీద గురిపెడుతుంది. 5... బిషప్ ఇ6 తో ఆ దారికి ఎదురు నిలబడండి.

రెండు గుర్రాల పద్ధతి ఒకటి మిగిలింది: 2. గుర్రం సి3 డి5 3. గుర్రం ఎఫ్3. ఇక్కడ మామూలు అలవాటులో ఇ4 కొట్టి బిషప్ ఎఫ్5 ఆడితే ఇబ్బంది, ఎందుకంటే తెల్లవాడి రెండో గుర్రం తరుముతూ ఇ5 కి దూకేస్తుంది. 3... బిషప్ జి4 ఆడండి. 4. హెచ్3 అంటే గుర్రాన్ని కొట్టేసి ఇ6. అంతే, ఇక్కడ ఇంతకంటే ఎక్కువ నేర్చుకోవక్కర్లేదు.

స్లావ్ గురించి పూర్తిగా రాస్తే ఇంకో ఇంత అవుతుంది. ఒక్క తేడా మాత్రం గట్టిగా పట్టుకోండి. 1. డి4 డి5 2. సి4 సి6 3. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 4. గుర్రం సి3 తర్వాత, కారో-కాన్ అలవాటులో బిషప్‌ని వెంటనే ఎఫ్5 కి తేవద్దు. సి-డి5, సి-డి5, మంత్రి బి3 వచ్చి బి7 ని, డి5 ని ఒకేసారి నొక్కుతుంది. బిషప్ ఇంట్లో లేకపోతే బి7 కి కాపలా ఎవరు? ముందు 4... డి-సి4 కొట్టండి, వాడు 5. ఏ4 ఆడాక బిషప్ ఎఫ్5. 1935లో, 1937లో అలెఖైన్, యూవె ఆడుకున్న రెండు ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌ల్లోనూ ఈ స్లావ్ మీద పెద్ద పోట్లాటే జరిగింది, తీరిక ఉన్నప్పుడు ఆ ఆటలు తిరగేయండి. లండన్ (డి4 తర్వాత బిషప్‌ని ఎఫ్4 కి తెచ్చే పద్ధతి) ఆడేవాళ్ల మీద మాత్రం నేను సి6 ఆడను, నేరుగా సి5 కే వెళ్తాను. అప్పు చేయకుండా గడిచేచోట చేయడం ఎందుకు?

అరగంటలో ఎలా చదవాలి అంటే, మొదటి నెల వీడియోలు ఆపేయండి. ఆఫీసుకి వెళ్తూ దారిలో పది నిమిషాల ఆటలు రెండు ఆడండి, మూడు నిమిషాల బ్లిట్జ్ వద్దు. రాత్రి ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టకుండా ఒక్కటే ప్రశ్న వేసుకోండి: సి5 ఎప్పుడు ఆడగలిగేవాణ్ని, ఎందుకు ఆడలేదు? తర్వాత ఇంజిన్ తెరవండి. తెల్లవాడికి అర బంటు దాకా మొగ్గు అని చూపిస్తుంది, చూపించనివ్వండి. మన స్థాయిలో ఆటలు అర బంటుతో పోవు, ఊరికే వదిలేసిన గుర్రంతో పోతాయి. మొదటి ఇరవై ఆటల్లో రేటింగ్ కొంచెం పడుతుంది కూడా. నాకు పడింది. అక్కడ మళ్లీ సిసిలియన్‌కి పరిగెత్తకండి.

ఇది అందరికీ పడుతుందని కూడా అనను. ప్రతి ఆటా గెలవాల్సిందే, మధ్యలో మంటలు లేకపోతే నిద్ర వస్తుంది అనే రకం వాళ్లకు ఇది విసుగు. నా దగ్గరికి వచ్చిన ఒక ఇంటర్ కుర్రాడు నాలుగు నెలలు ఆడి, "సార్, ఓడిపోవట్లేదు కానీ మజా రావట్లేదు" అన్నాడు. వాణ్ని నేనే సిసిలియన్‌కి పంపాను, ఇప్పుడు బాగున్నాడు. మీరు రాసిన దాన్ని బట్టి మీకు కావాల్సింది ముందు ఇరవయ్యో ఎత్తు దాకా బతికుండటం.

అబ్బాయి సంగతి. ఎనిమిదేళ్ల వయసులో వాడికి ఇ4 కి ఇ5 నేర్పండి. వాడు కింగ్స్ గాంబిట్‌లో ఓడాలి, ఎఫ్7 మీద మేట్ తినాలి, గుర్రాలు, బిషప్‌లు ఎందుకు తొందరగా బయటికి రావాలో ఒంటికి పట్టాలి. కారో-కాన్‌తో మొదలుపెట్టిన చిన్న పిల్లలు మొదటి ఆరు ఎత్తులు చకచకా ఆడేసి ఏడో ఎత్తు దగ్గర నా మొహం చూస్తారు, ఎందుకు ఆడారో తెలియదు కాబట్టి. రెండు మూడేళ్లు ఆగండి. ఈలోగా సాయంత్రాలు వాడికి తెల్లపావులు ఇచ్చి మీరు కారో-కాన్ ఆడండి. వాడు కచ్చితంగా 3. ఇ5 తోస్తాడు, పిల్లలందరూ తోస్తారు. మీకు ప్రాక్టీసు అవుతుంది. ఏదో ఒక రోజు హెచ్4 కూడా ఆడతాడు, ఆ రోజు ఇ6 మాత్రం ఆడకండి.